తుఫాను రాత్రి, ఇంటికి చేరిన హంతకుడు: బ్రిటిష్ మర్డర్ మిస్టరీ తెలుగింటికి వచ్చిన తీరు

‘గాలివాన’ ఏడు భాగాల తెలుగు వెబ్ సిరీస్. 2022 ఏప్రిల్ 14న జీ5లో విడుదలైంది. దీనికి మూలం ‘వన్ ఆఫ్ అజ్’ అనే బ్రిటిష్ టీవీ సిరీస్. అది 2016 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 13 వరకు బీబీసీ వన్‌లో వారానికొకటి చొప్పున నాలుగు భాగాలుగా ప్రసారమైంది. ఆ పేరుకు ‘మనలో ఒకరు’ అని అర్థం. హ్యారీ విలియమ్స్, జాక్ విలియమ్స్ అనే అన్నదమ్ములు దాన్ని రాశారు. తెలుగు సిరీస్‌ను బీబీసీ స్టూడియోస్, నార్త్‌స్టార్ ఎంటర్‌టైన్‌మెంట్ కలిసి నిర్మించగా, శరణ్ కొప్పిశెట్టి దర్శకత్వం వహించారు. కన్నడ మాతృకల ఆధారంగా ‘కిరాక్ పార్టీ’, ‘తిమ్మరుసు’ తీసిన దర్శకుడాయన. రెండు కుటుంబాల పెద్దలుగా రాధికా శరత్‌కుమార్, సాయికుమార్ నటించారు. చాందినీ చౌదరి, చైతన్య కృష్ణ, నందినీ రాయ్, శరణ్య ప్రదీప్ తదితరులు మిగతా పాత్రలు పోషించారు.

రెండు సిరీస్‌లకూ కథాబీజం ఒకటే. ఇరుగుపొరుగున ఉండే రెండు కుటుంబాలు. ఒక ఇంటి అబ్బాయికీ మరో ఇంటి అమ్మాయికీ పెళ్లవుతుంది. కొత్త జంట ఊరికి దూరంగా ఉండగా దారుణ హత్యకు గురవుతుంది. రెండిళ్లూ శోకంలో మునిగిన రాత్రే పెద్ద తుఫాను వస్తుంది. ఆ వానలో ఒక వాహనం ప్రమాదానికి గురై అందులోని మనిషి గాయాలతో పడి ఉంటాడు. ఆ ఇళ్లవాళ్లు అతన్ని లోపలికి తెచ్చి కాపాడతారు. తమ పిల్లల్ని చంపింది ఇతనే అని ఆ తర్వాత తెలుస్తుంది. తెల్లవారేసరికి అతను హత్యకు గురై ఉంటాడు. దారులు మూసుకుపోయాయి. బయటివాళ్లెవరూ రాలేదు. కాబట్టి చంపింది ‘మనలో ఒకరే’.

నాలుగు గోడల మధ్య నేరం

అపరాధ పరిశోధన సాహిత్యంలో ఈ పద్ధతికి సుమారు వందేళ్ల చరిత్ర ఉంది. హత్య జరిగిన చోటుకు కొత్తగా ఎవరూ రాలేరు, అక్కడినుంచి ఎవరూ పోలేరు. అనుమానితులు కొద్దిమందే, వాళ్లంతా పాఠకుడికి ముందే పరిచయమైనవాళ్లు. హంతకుడు వాళ్లలోనే ఉన్నాడు. ఈ నిర్మాణాన్ని ప్రపంచమంతటా ఇంటింటికీ చేర్చిన రచయిత్రి అగాథా క్రిస్టీ. ఆమె 1890 సెప్టెంబరు 15న ఇంగ్లండ్‌లోని టార్కీలో పుట్టారు. తొలి నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ 1920లో వచ్చింది. 1976 జనవరి 12న మరణించారు.

ఆ నాలుగు గోడలను క్రిస్టీ ఒక్కో నవలలో ఒక్కో రకంగా కట్టారు. 1934 నాటి ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’లో మంచులో చిక్కుకుపోయిన రైలు పెట్టె ఆ పని చేస్తుంది. 1939 నాటి ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో పదిమంది ఒక చిన్న దీవికి చేరతారు, తుఫాను పడవల రాకపోకలను ఆపేస్తుంది. ‘ది మౌస్‌ట్రాప్’ నాటకంలో మంచు కప్పేసిన అతిథి గృహం అదే పాత్ర పోషిస్తుంది. 1947లో క్వీన్ మేరీ 80వ పుట్టినరోజు సందర్భంగా బీబీసీ కోసం క్రిస్టీ రాసిన చిన్న రేడియో నాటకమే దీనికి మూలం. లండన్ రంగస్థలం మీద ఈ నాటకం 1952 నవంబరు 25న మొదలైంది. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆగి, 2021 మేలో మళ్లీ మొదలైంది.

ఈ కథల్లో వాతావరణం వర్ణన కోసం వచ్చేది కాదు, అది కథకు తాళం. ఆ తాళం పడగానే పాఠకుడికి ఒక హామీ దొరుకుతుంది. చివరి అధ్యాయంలో ఎక్కడినుంచో కొత్త మనిషిని తెచ్చి నేరం అతని మీద వేయరన్న హామీ అది. ఇంగ్లిషు రచయిత, క్రైస్తవ మతాధికారి రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసినప్పుడు మొదటి నియమం ఇదే పెట్టాడు: నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించి ఉండాలి. అతీత శక్తులతో ముడి విప్పకూడదని, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలని కూడా ఆయన చెప్పాడు. ఈ నిజాయితీ ఉంటేనే చదివేవాడు కథతో పోటీ పడతాడు. అది లోపిస్తే చివర్లో విస్మయం బదులు మోసపోయామన్న భావన మిగులుతుంది.

పేజీ నుంచి తెరకు

బ్రిటన్‌లో టీవీ మర్డర్ మిస్టరీ వయసు దాదాపు టెలివిజన్ వయసంత. బీబీసీ 1936 నవంబరులో క్రమబద్ధంగా టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది. ఏడాది తిరగకముందే, 1937 జూన్‌లో, క్రిస్టీ స్వయంగా టెలివిజన్ కోసం మలచిన ‘ది వాస్ప్స్ నెస్ట్’ ప్రసారమైంది. అందులో ఫ్రాన్సిస్ సలివన్ క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో పాత్ర వేశాడు. తర్వాతి కాలంలో ఈ ప్రక్రియకు రెండు పెద్ద గుర్తులు నిలిచాయి. జోన్ హిక్సన్ 1984 నుంచి 1992 వరకు క్రిస్టీ మరో పరిశోధకురాలు మిస్ మార్పుల్‌గా పన్నెండు నవలల రూపాంతరాల్లో నటించారు. డేవిడ్ సూషే 1989 నుంచి 2013 వరకు 70 భాగాల్లో పొయిరోగా కనిపించి, ఆ పాత్ర కథలను దాదాపు అన్నిటినీ పూర్తిచేశారు.

నవలను తెరకు ఎక్కించడంలో అసలు చిక్కు మనసు లోపలి మాట దగ్గర వస్తుంది. నవలలో రచయిత ఒక పాత్ర ఆలోచనను కొంత చెప్పి, కొంత దాచి నడిపించగలడు. కెమెరాకు ఆ వెసులుబాటు తక్కువ. మొహం చూపిస్తే భావం బయటపడుతుంది, చూపకపోతే ఏదో దాస్తున్నారని ప్రేక్షకుడు పసిగడతాడు. అందుకే తెర రచయిత ప్రతి పాత్రకూ దాచుకోదగ్గ మరో రహస్యం ఇస్తాడు. అప్పుడు అందరి కళ్లలోనూ భయం ఉంటుంది. ఎవరి భయం హత్య గురించో, ఎవరిది వేరే తప్పు గురించో తేల్చుకోవడమే చూసేవాళ్ల పని అవుతుంది.

‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ తెర చరిత్ర ఇందుకు మంచి పాఠం. నవల ముగింపు చాలా కఠినమైనది, దీవిలో ఎవరూ మిగలరు. 1943లో దాన్ని నాటకంగా మార్చినప్పుడు క్రిస్టీయే ముగింపును మెత్తబరిచారు. రెనే క్లెయిర్ 1945లో తీసిన సినిమా, ఆ తర్వాత ఇంగ్లిషులో వచ్చిన సినిమాలు నాటకం దారినే నడిచాయి. 1987లో సోవియట్ దర్శకుడు గొవరూఖిన్ నవల ముగింపును అలాగే ఉంచి సినిమా తీశాడు. బీబీసీ 2015 డిసెంబరు 26, 27, 28 తేదీల్లో మూడు భాగాలుగా ప్రసారం చేసిన రూపాంతరం కూడా ఆ కఠినత్వాన్ని వదల్లేదు. దాన్ని సారా ఫెల్ప్స్ రాయగా, క్రెయిగ్ వివేరోస్ దర్శకత్వం వహించాడు. ఈ రూపాంతరం ప్రతి అతిథి చేసిన పాత పాపాన్నీ జ్ఞాపకాల దృశ్యాలుగా ముందుకు తెచ్చింది. హంతకుడెవరన్న ప్రశ్నతో పాటు వీళ్లలో నిర్దోషి ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న కూడా ప్రేక్షకుణ్ణి వెంటాడేలా చేసింది. ఆ మరుసటి ఏడాదే వచ్చిన ‘వన్ ఆఫ్ అజ్’ కూడా అలాంటి ప్రశ్ననే ఎత్తుకుంది. హంతకుణ్ణి చంపిన మనిషి దోషి కాడా?

భారతీయ భాషల్లో

ఇంగ్లిషు మిస్టరీ భారతీయ తెర మీదికి చాలాకాలం సినిమాగానే వచ్చింది. ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ అల్లికను తీసుకుని రాజా నవాథే 1965లో హిందీలో ‘గుమ్‌నామ్’ తీశాడు. మనోజ్ కుమార్, నందా, మెహమూద్, హెలెన్ నటించిన ఆ సినిమాలో పాటలు, హాస్యం కూడా కలిశాయి. అదే అల్లికతో 1970లో తమిళంలో ఎస్. బాలచందర్ ‘నడు ఇరవిల్’ తీశారు. వీణా విద్వాంసుడిగా ప్రసిద్ధులైన బాలచందర్ ఈయనే. క్రిస్టీ నాటకం ‘ది అనెక్స్‌పెక్టెడ్ గెస్ట్’ ఆధారంగా బి.ఆర్. చోప్రా 1973లో ‘ధుంద్’ తీశాడు. క్రిస్టీ నవల ‘ది మిర్రర్ క్రాక్డ్’ ఆధారంగా ఋతుపర్ణో ఘోష్ 2003లో బెంగాలీలో ‘శుభ మహరత్’ తీశాడు.

ఓటీటీ వేదికలు వచ్చాక దారి మారింది. రెండున్నర గంటల సినిమాలో ఇమడని కథకు ఆరేడు భాగాల చోటు దొరికింది. బీబీసీ సిరీస్ ‘క్రిమినల్ జస్టిస్’ 2019లో హిందీలోకి వచ్చింది. ‘లూథర్’ సిరీస్ 2022 మార్చిలో అజయ్ దేవగణ్‌తో ‘రుద్ర’గా వచ్చింది. మరుసటి నెలలోనే తెలుగులో ‘గాలివాన’ విడుదలైంది. 2023 సెప్టెంబరు 27న విశాల్ భరద్వాజ్ తీసిన ‘చార్లీ చోప్రా’ సోనీలివ్‌లో వచ్చింది. దానికి ఆధారం క్రిస్టీ 1931లో రాసిన ‘ది సిట్టఫర్డ్ మిస్టరీ’. మూలంలో డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు ప్రాంతంలో మంచు కురుస్తుంది. హిందీ రూపంలో ఆ మంచు హిమాచల్‌లోని సోలంగ్ లోయలో కురిసింది. నేరం మోపబడిన కాబోయే భర్తను విడిపించుకోవడానికి యువతి పరిశోధనకు దిగడం రెండింటిలోనూ ఉంది.

తెలుగునాట డిటెక్టివ్

తెలుగు పాఠకులకు ఈ ప్రక్రియ కొత్తేమీ కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు రెండు మూడు తరాలకు ఇంట్లో మనుషుల్లా తెలుసు. ఆరుద్ర వంటి మహాకవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. రైలు ప్రయాణానికీ ఈ నవలలకూ విడదీయరాని చుట్టరికం ఉండేది. స్టేషన్‌లో కొన్న పుస్తకం దిగే ఊరు వచ్చేలోగా అయిపోవాలి.

తెలుగు సినిమాలో మిస్టరీకి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి హాస్యం దారి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన ‘చంటబ్బాయ్’ అందుకు గుర్తు. రెండోది భయం దారి. వంశీ 1985లో తీసిన ‘అన్వేషణ’ అందుకు గుర్తు. పక్షుల కూతల్లో రాగాల పుట్టుకను వెతుకుతూ అడవికి వచ్చిన యువతి, పులి చంపిందని అందరూ నమ్మే మరణాలు, చుట్టూ అనుమానించదగ్గ మనుషులు. అక్కడ అడవే తాళం. ‘అన్వేషణ’ను తెలుగువాళ్లు ఇప్పటికీ గుర్తుపెట్టుకోవడానికి ఒక కారణం ఆ చోటు. కథ ఆ అడవిలో తప్ప మరెక్కడా జరగదని అనిపిస్తుంది.

ఏది మారింది, ఎందుకు మారింది

ఏ రూపాంతరానికైనా గీటురాయి ఇదే. కథ కొత్త నేలలో పుట్టినట్టుండాలి. స్కాట్లండ్‌లో జరిగే ‘వన్ ఆఫ్ అజ్’ కథకు తెలుగు నేలలో మూడు ఆధారాలు దొరికాయి.

మొదటిది తుఫాను. బ్రిటిష్ సిరీస్‌లో తుఫాను ప్రధానంగా కథకు అవసరమైన ఏర్పాటు. కోస్తా తెలుగువారికి అది జ్ఞాపకం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని బలి తీసుకుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుఫాను కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. కరెంటు పోయి, చెట్లు రోడ్డుకు అడ్డంపడి, ఫోన్లు మూగబోయి ఊరికి ఊరు ఒంటరిదైన రాత్రిని తెలుగు ప్రేక్షకుడికి ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. సిరీస్ పేరు మరో జ్ఞాపకాన్నీ తడుతుంది. పాలగుమ్మి పద్మరాజు కథ ‘గాలివాన’ న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో ద్వితీయ బహుమతి పొందింది. ఆ కథకూ ఈ సిరీస్‌కూ సంబంధం లేదు. అయితే నియమాలతో బతికే పెద్దమనిషిని తుఫాను రాత్రి ఒక స్టేషన్‌లో బిచ్చగత్తెతో కలిపి నిలబెట్టి, అతని విలువలన్నిటినీ పరీక్షకు పెడుతుంది ఆ కథ. గాలివాన మనిషిని లోపలినుంచి విప్పి చూపిస్తుందన్న ఊహ తెలుగు కథలో అంతకుముందే స్థిరపడి ఉంది.

రెండోది అతిథి ధర్మం. గాయపడి గుమ్మం ముందుకు వచ్చినవాణ్ణి ఎవరని అడక్కుండా లోపలికి తీసుకురావడం తెలుగిళ్లలో తరతరాల మర్యాద. శరణన్నవాణ్ణి కాపాడాలన్న మాట పురాణ కథలతో పాటు పిల్లలకు అలవడుతుంది. ఈ కథలో ఆ ధర్మమే ఇంటికి ఉచ్చు అవుతుంది. కట్టు కట్టిన చేతులకు తాము ఎవరి గాయం తుడిచామో తెలిసిన క్షణంలో రెండు ధర్మాలు ఢీకొంటాయి. ఇంటి నీడకు చేరినవాణ్ణి కాపాడాలన్నది ఒకటి, చనిపోయిన బిడ్డకు న్యాయం చేయాలన్నది రెండోది. ఈ ఘర్షణ స్కాట్లండ్‌లోనూ ఉంది. తెలుగింటిలో దానికి వేళ్లు మరింత లోతున ఉన్నాయి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, వియ్యం. ‘వన్ ఆఫ్ అజ్’లో ఇలియట్, డగ్లస్ కుటుంబాలు పెళ్లితో కలిశాయి. వరుడి తల్లికి వధువు తండ్రి ఏమవుతాడో చెప్పే సొంత పదం ఇంగ్లిషు వాడుకలో లేదు. తెలుగులో ఆ బంధానికి వియ్యంకుడు, వియ్యపురాలు అన్న పేర్లున్నాయి. పేరుతో పాటు హక్కులు, మర్యాదలు, అలకలు, పట్టింపులు ఉన్నాయి. పిల్లల పెళ్లితో ఏర్పడ్డ వియ్యం ఆ పిల్లలే లేకుండా పోయాక ఏమవుతుంది? ఒకే దుఃఖం రెండిళ్లనూ కలుపుతుందా, నీ బిడ్డ వల్లే నా బిడ్డ పోయాడన్న నింద విడదీస్తుందా? హంతకుడి శవం రెండిళ్ల మధ్య పడ్డప్పుడు ఎవరు ఎవర్ని కాపాడతారు? మూలకథలో ఉన్న ఈ ప్రశ్నలు తెలుగులోకి వచ్చేసరికి మరింత పదునెక్కుతాయి. రాధిక, సాయికుమార్ వంటి అనుభవజ్ఞులను రెండిళ్ల పెద్దలుగా నిలబెట్టడంలోని సార్థకత ఇదే. ఈ కథ బరువంతా పెద్దవాళ్ల మౌనం మీద ఉంది.

చట్టం కోణం కూడా కథను బిగిస్తుంది. సిరీస్ వచ్చేనాటికి భారత శిక్షాస్మృతి అమల్లో ఉండేది. దాని 302వ సెక్షన్ హత్యకు శిక్ష చెబితే, 201వ సెక్షన్ నేరం ఆధారాలను మాయం చేయడాన్ని శిక్షించేది. అంటే చంపింది ఒక్కరే అయినా, తెలిసి దాచిన ప్రతి ఒక్కరూ నేరంలోకి అడుగుపెట్టినట్టే. పోలీసులకు చెప్పాలా, దాచాలా అన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టిన క్షణం నుంచి కుటుంబమంతా ముద్దాయి అవుతుంది. క్రిస్టీ దీవిలో ప్రతి అతిథీ ఒక పాత పాపంతో వచ్చాడు. ఇక్కడ కొత్త పాపం అందరి కళ్ల ముందే మొలుస్తుంది.

నాలుగు భాగాల మూలం ఏడు భాగాలు కావడం మరో పెద్ద మార్పు. బ్రిటిష్ టీవీకి పొట్టి సిరీస్ అలవాటు, వారానికొక భాగం చూపి మధ్యలో ప్రేక్షకుడికి ఊహించే సమయం ఇస్తుంది. ఓటీటీలో తరచుగా అన్ని భాగాలూ ఒకేసారి అందుబాటులో ఉంటాయి. చూసేవాడు ఒక్క రాత్రిలో ముగించవచ్చు, నచ్చకపోతే మొదటి గంటలోనే వదిలేయవచ్చు. అందుకే ప్రతి భాగం చివర ఒక కొక్కెం ఉండాలి. నిడివి పెరగడంలో లాభం ఉంది, రెండిళ్లలోని ప్రతి మనిషికీ ఒక గతం ఇవ్వవచ్చు. ప్రమాదమూ ఉంది. నాలుగు గోడల కథకు బిగువే ప్రాణం. తాళం వేసిన ఇంట్లోంచి కథ ఎంత ఎక్కువసేపు బయట తిరిగితే అనుమానం అంతగా పలచబడుతుంది. రూపాంతరం చేసే ప్రతి రచయితా తూచుకోవలసిన తూకం ఇది.

రూపాంతరానికి విలువ

ముగింపు ముందే తెలిసిన కథను మళ్లీ తీయడం ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఓటీటీలో మూలం, రూపాంతరం రెండూ ఒకే ఫోన్‌లో దొరికే కాలంలో ఆ ప్రశ్న మరీ బలమైనది. దానికి జవాబు ఈ ప్రక్రియ చరిత్రలోనే ఉంది. ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ ముగింపు లక్షలమందికి తెలుసు. అయినా 2015లో మూడు రాత్రులు బ్రిటన్ దాన్ని మళ్లీ చూసింది. మంచి మిస్టరీలో హంతకుడి పేరు పైపొర మాత్రమే. ఒక మామూలు మనిషి చెయ్యి హత్యకు ఎలా లేచింది, పక్కనున్నవాళ్లు ఎందుకు మౌనంగా ఉన్నారు అన్నవి లోపొరలు. ఆ లోపొరలు మనుషుల వరసలతో, ఊరి మర్యాదలతో, నేల భయాలతో అల్లుకుని ఉంటాయి కాబట్టి ఒక్కో భాషలో అవి వేరుగా తెరుచుకుంటాయి.

తెలుగు వెబ్ సిరీస్‌కు ఈ ప్రయత్నం చూపిన దారి ఇదే. బయటినుంచి తెచ్చుకోదగ్గది కథ అల్లిక. ఇక్కడే వెతుక్కోవలసింది హత్యకు కారణం, మౌనానికి కారణం. కొమ్మూరి నుంచి వంశీ దాకా తెలుగు మిస్టరీకి సొంత వారసత్వం ఉంది, దివిసీమ నుంచి విశాఖ దాకా సొంత తుఫాన్లు ఉన్నాయి. యుగంధర్ నవలలు ఇప్పటికీ పాత పుస్తకాల దుకాణాల్లో పాఠకుల కోసం ఎదురు చూస్తున్నాయి. ‘గాలివాన’ చూసిన ప్రేక్షకులు వాటిలో ఒకటి తెరిచి చదవాలి. తెలుగు తెరకు తర్వాతి మర్డర్ మిస్టరీ ఆ పుటల్లోంచి రావాలి.